ఎండ ఉన్నా ఆకు ఎందుకు ఆగుతుంది? కార్బన్ స్థిరీకరణలో ఎంజైముల పాత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

కిరణజన్య సంయోగక్రియ అనగానే అందరికీ సూర్యకాంతి, పత్రహరితం గుర్తొస్తాయి. గాలిలోని కార్బన్‌ను పట్టి చక్కెరగా మార్చే అసలు పని చేసేది మాత్రం ఎంజైములు. ఆ పని ఎంత వేగంగా సాగుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలిస్తే మొక్కను చూసే చూపే మారిపోతుంది. విద్యార్థులూ ఆసక్తి ఉన్న పాఠకులూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

ఎండ పెరిగేకొద్దీ ఆకు తీసుకునే కార్బన్ డయాక్సైడ్ కూడా పెరుగుతూ పోవాలి కదా?

కొంతవరకే పెరుగుతుంది. వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు ప్రతి కాంతి కణమూ విలువైనదే. అప్పుడు కాంతి రెండింతలైతే కార్బన్ గ్రహణం కూడా దాదాపు రెండింతలవుతుంది. ఆ తర్వాత ఈ పెరుగుదల మందగిస్తుంది. వరి, గోధుమ, సోయా లాంటి మొక్కల్లో పూర్తి ఎండలో సగం కూడా రాకముందే ఒక్కో ఆకు దాదాపు తన గరిష్ఠ వేగానికి చేరుకుంటుంది. మిగతా కాంతి శక్తిలో చాలా భాగాన్ని ఆకు వేడిగా వదిలేసుకుంటుంది. అలా వదలకపోతే దానికే నష్టం.

కాంతి అంత ఉన్నా పని ఎందుకు పెరగదంటే, కాంతితో తయారై శక్తిని మోసే అణువులైన ఏటీపీని, ఎన్‌ఏడీపీహెచ్‌ను వాడుకుని కార్బన్‌ను పట్టే కాల్విన్ వలయం తన వేగంతో తాను నడుస్తుంది. ఆ వలయంలో 11 ఎంజైములు ఉన్నాయి. వాటిలో మొదటి మెట్టు దగ్గర ఉన్నదే ఎక్కువసార్లు అడ్డుపడుతుంది.

ఆ మొదటి ఎంజైమ్ ఏది?

రూబిస్కో. పూర్తి పేరు రిబులోజ్-1,5-బిస్‌ఫాస్ఫేట్ కార్బాక్సిలేజ్/ఆక్సిజనేజ్. ఐదు కార్బన్లున్న ఒక చక్కెర ఫాస్ఫేట్‌కు ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును జోడించి, మూడు కార్బన్ల అణువులు రెండింటిని తయారు చేస్తుంది. నేల మీద మనం చూసే జీవంలోని కార్బన్ దాదాపు అంతా ఎప్పుడో ఒకప్పుడు ఈ ఎంజైమ్ గుండా వచ్చిందే.

1947లో శామ్ వైల్డ్‌మన్, జేమ్స్ బానర్ ఆకుల రసంలో ఒకే ప్రొటీన్ విపరీతంగా ఉందని గమనించి దానికి 'ఫ్రాక్షన్ వన్' అని పేరు పెట్టారు. అది ఏం పని చేస్తుందో అప్పటికి స్పష్టం కాలేదు. మరోవైపు మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్ రేడియోధార్మిక కార్బన్-14తో కార్బన్ నడిచే దారిని గుర్తించారు. ఆ కృషికి 1961లో కాల్విన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. వైల్డ్‌మన్ ప్రొటీనూ, కాల్విన్ దారిలోని మొదటి ఎంజైమూ ఒకటేనని తర్వాత తేలింది. నా దృష్టిలో వృక్షశాస్త్ర చరిత్రలో ఇంత అందమైన కలయికలు ఎక్కువ లేవు.

రూబిస్కో నిజంగా అంత నెమ్మదా?

అవును. మొక్కల రూబిస్కోలో ఒక్కో క్రియాశీల స్థానం 25 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు మూడు కార్బన్ డయాక్సైడ్ అణువులను మాత్రమే పట్టగలదు. అదీ కార్బన్ డయాక్సైడ్ పుష్కలంగా ఉన్నప్పుడు. అదే ఆకులో ఉండే కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఇంకో ఎంజైమ్ సెకనుకు లక్షల అణువులను మార్చేస్తుంది.

పైగా ఆకులో కార్బన్ డయాక్సైడ్ పుష్కలంగా ఉండదు. గాలి నుంచి పత్రరంధ్రాల గుండా, కణాల గోడలూ పొరలూ దాటి హరితరేణువు లోపలికి చేరేసరికి దాని గాఢత బాగా పడిపోతుంది. లీటరుకు 10 మైక్రోమోల్స్ కూడా మిగలవు. అందువల్ల సెకనుకు మూడు అనే ఆ కాస్త వేగాన్ని కూడా రూబిస్కో అందుకోలేదు. అందులో కొంత భాగంతోనే సరిపెట్టుకుంటుంది.

నెమ్మదిగా పనిచేసేవారితో పని ఎక్కువ కావాలంటే మనుషుల్ని పెంచడమే దారి. మొక్క చేసేదీ అదే. చాలా మొక్కల ఆకుల్లో నీటిలో కరిగే ప్రొటీన్‌లో దాదాపు సగం వరకూ రూబిస్కోయే ఉంటుంది. ఒక్కో రూబిస్కో ఎనిమిది పెద్ద ముక్కలు, ఎనిమిది చిన్న ముక్కలు కలిసిన భారీ అణువు. పెద్ద ముక్కల జన్యువు హరితరేణువులోనే ఉంటుంది, చిన్న ముక్కలవి కేంద్రకంలో ఉంటాయి. రెండు చోట్ల తయారైనవి సరిగ్గా జతకూడాలి. ఈ ఎంజైమ్‌ను మార్చాలనుకున్న శాస్త్రవేత్తలకు దశాబ్దాల పాటు చెమటలు పట్టించింది ఈ ఏర్పాటే.

ఆక్సిజన్‌తో పొరపాటు పడుతుందంటారు. అదేమిటి?

పేరు చివర ఉన్న 'ఆక్సిజనేజ్' ఆ సంగతే చెబుతోంది. రూబిస్కో కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను కూడా పట్టుకుంటుంది. 1971లో జార్జ్ బోస్, విలియం ఓగ్రెన్, రిచర్డ్ హేజ్‌మన్ దీన్ని చూపించారు.

ఈ పొరపాటు ఎంత తరచుగా జరుగుతుందో మనమే లెక్క వేసుకోవచ్చు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం చిల్లర. అంటే సుమారు 500 రెట్ల తేడా. నీటిలో కార్బన్ డయాక్సైడ్ బాగా కరుగుతుంది కాబట్టి హరితరేణువు లోపల ఆ తేడా 30 రెట్ల దగ్గరికి తగ్గుతుంది. రెండు వాయువులూ సమానంగా ఉంటే మొక్కల రూబిస్కో ఒక ఆక్సిజన్‌కు 80 నుంచి 100 కార్బన్ డయాక్సైడ్ అణువులను ఎంచుకుంటుంది. 90ని 30తో భాగిస్తే మూడు. అంటే మూడుసార్లు సరైన పని, ఒకసారి పొరపాటు. 25 డిగ్రీల దగ్గర మామూలు గాలిలో నాలుగింట ఒకటి తప్పు చర్య అని పుస్తకాల్లో కనిపించేది ఈ లెక్క వల్లనే.

తప్పు జరిగినప్పుడు రెండు కార్బన్ల ఫాస్ఫోగ్లైకోలేట్ తయారవుతుంది. అది వలయానికి పనికిరాదు, పేరుకుపోతే హాని చేస్తుంది. దాన్ని తిరిగి పనికొచ్చేలా చేయడానికి కణంలోని హరితరేణువు, పెరాక్సిసోమ్, మైటోకాండ్రియా అనే మూడు భాగాలూ కలిసి పనిచేయాలి. దీన్నే కాంతిశ్వాసక్రియ అంటారు. ఇందులో నాలుగు కార్బన్లలో మూడు తిరిగి వస్తాయి, ఒకటి కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. అమ్మోనియా కూడా విడుదలవుతుంది కాబట్టి దాన్ని మళ్లీ పట్టుకోవడానికి ఇంకొంత శక్తి ఖర్చు. అంటే ఒక్క పొరపాటుకు మొక్క మూడు రకాలుగా నష్టపోతుంది. ఎంజైమ్ సమయం పోయింది, పట్టిన కార్బన్ కొంత పోయింది, శక్తీ పోయింది.

కోట్ల ఏళ్లుగా ఉన్న ఎంజైమ్. పరిణామం దీన్ని ఎందుకు సరిచేయలేదు?

రూబిస్కో పుట్టిన కాలంలో గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. ఆక్సిజన్ గాలిలో పేరుకోవడం మొదలైంది సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం. అప్పటివరకూ రెండు వాయువుల మధ్య తేడా చూడాల్సిన అవసరమే ఈ ఎంజైమ్‌కు రాలేదు.

'మరి ఆ తర్వాతైనా మారాలి కదా' అని వెంటనే అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. రెండూ చిన్న అణువులు, విద్యుత్ ఆవేశం లేనివి. రూబిస్కోలో కార్బన్ డయాక్సైడ్ వచ్చి కూర్చోవడానికి ప్రత్యేకమైన గూడు లేదు. సిద్ధంగా ఉన్న చక్కెర అణువు మీద అది నేరుగా వచ్చి తగులుతుంది. ఆక్సిజన్ కూడా అలాగే తగలగలదు. తేడా గట్టిగా చూడాలంటే చర్య మధ్యలో ఏర్పడే రూపాన్ని ఎంజైమ్ బిగించి పట్టుకోవాలి. బిగించి పట్టుకుంటే వదలడానికి సమయం పడుతుంది. ఎంపిక పెరిగితే వేగం తగ్గుతుంది, వేగం పెరిగితే ఎంపిక సడలుతుంది అనే ఈ వాదనను 2006లో గియోమ్ చెర్కెజ్, గ్రాహం ఫార్కర్, జాన్ ఆండ్రూస్ బలంగా ముందుకు తెచ్చారు. తర్వాత ఎక్కువ జాతుల కొలతలు వచ్చాక ఆ బంధం మొదట అనుకున్నంత గట్టిది కాదని తేలింది. కొన్ని ఎర్ర శైవలాల రూబిస్కో మొక్కల దానికంటే ఎంపికలో చాలా మెరుగ్గా ఉంటుంది. కాబట్టి రూబిస్కోను చేతకాని ఎంజైమ్ అనడం నాకు నచ్చదు. కష్టమైన రసాయన చర్యను, ప్రతికూలంగా మారిన గాలిలో, ఈ రోజుకీ చేస్తూనే ఉంది.

ఆకులో రూబిస్కో ఉంటే చాలా? వెంటనే పని మొదలుపెడుతుందా?

పెట్టదు. ఎంజైమ్ ఉండటం వేరు, అది చురుగ్గా ఉండటం వేరు. ఈ సంగతిని పాఠాల్లో తరచుగా ఒక్క వాక్యంతో దాటేస్తారు కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

రూబిస్కో పెద్ద ముక్కలో 201వ స్థానంలో లైసీన్ అనే అమైనో ఆమ్లం ఉంది. ముందుగా దానికి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు అతుక్కోవాలి. ఇది చక్కెరగా మారే అణువు కాదు, తాళం తీసే అణువు. తర్వాత అక్కడికి మెగ్నీషియం చేరాలి. అప్పుడే ఆ స్థానం పనికి సిద్ధమవుతుంది. వెలుతురు పడినప్పుడు హరితరేణువు లోపలి ద్రవం క్షారగుణం వైపు జరుగుతుంది, అందులో మెగ్నీషియం పెరుగుతుంది. రెండూ ఈ పనికి తోడ్పడతాయి.

చిక్కేమిటంటే, తాళం తీయకముందే చక్కెర ఫాస్ఫేట్ వచ్చి ఆ స్థానంలో ఇరుక్కుంటే రూబిస్కో మూసుకుపోతుంది. చర్య మధ్యలో అప్పుడప్పుడు తయారయ్యే తప్పుడు చక్కెరలు కూడా అలాగే ఇరుక్కుంటాయి. చిక్కుడు, బంగాళదుంప, పొగాకు లాంటి మొక్కల్లోనైతే రాత్రిపూట ప్రత్యేకంగా ఒక నిరోధకం తయారై రూబిస్కోను కట్టేస్తుంది. ఇలా ఇరుక్కున్నవాటిని ఏటీపీ ఖర్చు పెట్టి లాగి పడేసే ప్రొటీన్ ఒకటి ఉంది. దాని పేరు రూబిస్కో యాక్టివేజ్. 1982లో అరబిడాప్సిస్ అనే చిన్న ప్రయోగశాల మొక్కలో ఒక వింత మ్యూటెంట్ (జన్యువు మారిన మొక్క) దొరికింది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలిలో తప్ప అది బతకలేదు. ఆ మొక్కలో ఏం లోపించిందో వెతుకుతూ వెళితే 1985లో యాక్టివేజ్ బయటపడింది.

దీని ప్రభావం పొలంలో ప్రతి నిమిషమూ ఉంటుంది. పై ఆకు గాలికి ఊగినప్పుడు కింది ఆకు మీద నీడా ఎండా మారిమారి పడతాయి. ఎండ క్షణంలో వస్తుంది, రూబిస్కో పూర్తిగా మేల్కోవడానికి మాత్రం చాలా నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాల్లో పడిన వెలుతురులో చాలా భాగం కార్బన్‌గా మారదు. పంట దిగుబడి పెంచాలనుకునేవారు ఇప్పుడు ఈ ఆలస్యం మీదే ఎక్కువగా దృష్టి పెడుతున్నారు.

వేడి పెరిగితే ఎంజైములు వేగంగా పనిచేయాలి కదా, మరి కార్బన్ గ్రహణం ఎందుకు పడిపోతుంది?

రూబిస్కో వేగం వేడితో పెరిగే మాట నిజమే. అదే సమయంలో మూడు విషయాలు ఎదురు తిరుగుతాయి. వేడి నీటిలో రెండు వాయువులూ తక్కువగా కరుగుతాయి, కార్బన్ డయాక్సైడ్ ఇంకా ఎక్కువగా తగ్గుతుంది. ఎంజైమ్ ఎంపిక కూడా సడలి ఆక్సిజన్ వైపు మొగ్గుతుంది. వీటన్నిటికంటే యాక్టివేజ్ సున్నితమైనది. రూబిస్కో 50 డిగ్రీలనైనా తట్టుకుంటుంది కానీ చల్లని ప్రాంతాల మొక్కల్లో యాక్టివేజ్ 35 డిగ్రీలు దాటగానే తడబడుతుంది. వేడి ప్రాంతాల మొక్కల్లో అది కాస్త గట్టిగా ఉంటుంది.

అడ్డంకి ఎప్పుడూ రూబిస్కోయేనా?

కాదు. ఈ విషయంలో చాలామంది పొరబడతారు. 1980లో గ్రాహం ఫార్కర్, సుజేన్ ఫాన్ కెమరర్, జోసెఫ్ బెర్రీ ఒక గణిత నమూనా ఇచ్చారు. ఈ రోజుకీ ఆకు నుంచి ప్రపంచ వాతావరణ నమూనాల దాకా అదే ఆధారం. దాని సారం చాలా సరళం. ఆకు వేగాన్ని ఒక్కో పరిస్థితిలో ఒక్కో అంశం ఆపుతుంది, అన్నిటికంటే తక్కువ ఏదో అదే ఆకు వేగం. కార్బన్ డయాక్సైడ్ తక్కువ, ఎండ ఎక్కువ అయితే రూబిస్కో ఆపుతుంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగినా, వెలుతురు తగ్గినా, రూబిస్కోకు కావలసిన చక్కెర ఫాస్ఫేట్‌ను మళ్లీ తయారుచేసే సామర్థ్యం ఆపుతుంది. దానికి ఎలక్ట్రాన్ల ప్రవాహం కావాలి. మూడోదాన్ని 1985లో టామస్ షార్కీ చేర్చారు. వలయంలో తయారైన చక్కెర ఫాస్ఫేట్లను ఆకు సుక్రోజ్ (మామూలు చక్కెర) గానో పిండిపదార్థంగానో మార్చుకోలేకపోతే ఫాస్ఫేట్ చిక్కుకుపోయి మొత్తం వలయం నెమ్మదిస్తుంది. చలిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

మొక్కల మీద చేసిన ప్రయోగాలూ ఇదే చెప్పాయి. 1990ల మొదట్లో పొగాకు మొక్కల్లో రూబిస్కోను జన్యు పద్ధతిలో తగ్గించి చూశారు. మొక్కలు పెరిగిన మోస్తరు వెలుతురులో ఆ ఎంజైమ్ దాదాపు సగమైనా కార్బన్ గ్రహణం కొద్దిగానే తగ్గింది. గట్టి వెలుతురు పెట్టగానే మాత్రం బాగా పడిపోయింది. వలయంలో చివరి వైపు ఉండే సెడోహెప్టులోజ్ బిస్‌ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ విషయంలో ఇందుకు భిన్నంగా జరిగింది. దాన్ని కాస్త తగ్గించినా కార్బన్ గ్రహణం తగ్గింది. 2005లో పొగాకులో దాన్ని పెంచితే మొక్కలు మెరుగ్గా పెరిగాయి. ఒకే ఎంజైమ్ చేతిలో తాళం ఉండదు. నియంత్రణ పంచుకుని ఉంటుంది, ఆ వాటాలు గంట గంటకూ మారతాయి.

కాల్విన్ వలయాన్ని 'నిష్కాంతి చర్య' అనడం సరైనదేనా?

అపార్థానికి దారి తీసే పేరు. అందులో కాంతి నేరుగా పాల్గొనదు, అంతవరకే నిజం. వలయంలోని నాలుగైదు ముఖ్య ఎంజైములను థయోరెడాక్సిన్ అనే ప్రొటీన్ వెలుతురులోనే మేల్కొలిపి చీకట్లో నిద్రపుచ్చుతుంది. రాత్రి ఆ వలయం నడవదు.

ఆకు బతికి ఉండగానే ఎంజైమ్ సామర్థ్యాన్ని ఎలా కొలుస్తారు?

ఆకును తెంపకుండా ఒక చిన్న గదిలో బిగించి, లోపలికి వెళ్లే గాలిలోనూ బయటికి వచ్చే గాలిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను పరారుణ కిరణాలతో కొలుస్తారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెట్టు మెట్టుగా పెంచుతూ గ్రాఫ్ గీస్తారు. మొదట నిటారుగా లేచే భాగం రూబిస్కో సామర్థ్యాన్ని చూపిస్తుంది. గీత వంగి చదునయ్యే భాగం ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని చూపిస్తుంది. ఒక గీత వంపులో ఆకు లోపలి రసాయనం అంతా కనిపించడం మొదటిసారి చూసినవారు మర్చిపోలేరు.

మొక్కజొన్న, చెరకు ఈ సమస్యను ఎలా దాటాయి?

ఎంజైమ్‌ను మార్చకుండా దాని చుట్టూ ఉన్న గాలిని మార్చుకున్నాయి. 1966లో హాల్ హ్యాచ్, రోజర్ స్లాక్ వివరించిన ఈ దారిని సీ4 అంటారు. ఆకు బయటి కణాల్లో ఫాస్ఫోఈనాల్ పైరువేట్ కార్బాక్సిలేజ్ అనే ఇంకో ఎంజైమ్ బైకార్బనేట్‌ను పట్టి నాలుగు కార్బన్ల ఆమ్లం చేస్తుంది. దానికి ఆక్సిజన్‌తో పొరపాటు లేదు. ఆ ఆమ్లం నాళాల చుట్టూ తొడుగులా ఉన్న లోపలి కణాల్లోకి వెళ్లి అక్కడ కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. రూబిస్కో ఉండేది ఆ కణాల్లోనే. చుట్టూ గాఢత చాలా రెట్లు పెరగడంతో ఆక్సిజన్‌కు అవకాశం చిక్కదు. ఒక్కో కార్బన్‌కు రెండు ఏటీపీలు అదనపు ఖర్చు. ఎండా వేడీ ఉన్నచోట ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది, చల్లని నీడలో కాదు. ఈ పద్ధతి వేర్వేరు మొక్కల కుటుంబాల్లో 60కి పైగా సార్లు విడివిడిగా పుట్టింది.

ఎరువుకూ దీనికీ సంబంధం ఉందా?

నేరుగా ఉంది. ప్రొటీన్‌కు నైట్రోజన్ కావాలి. వరి, గోధుమ లాంటి మొక్కల ఆకుల్లోని నైట్రోజన్‌లో నాలుగో వంతు దాకా రూబిస్కోలోనే ఉంటుంది. నైట్రోజన్ చాలకపోతే రూబిస్కో తగ్గుతుంది, కార్బన్ గ్రహణం తగ్గుతుంది. ఆకు ముదిరినప్పుడు మొక్క రూబిస్కోను విడగొట్టి ఆ నైట్రోజన్‌ను గింజలకు పంపుతుంది.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోంది కదా, మొక్కలకు మంచిదేనా?

పారిశ్రామిక యుగానికి ముందు పది లక్షల వంతుల్లో 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. రూబిస్కోకు ఇది రెండు విధాలా లాభం. చర్య వేగం పెరుగుతుంది, ఆక్సిజన్ పొరపాటు తగ్గుతుంది. బయలు పొలంలో గాలిని మార్చి చేసిన ప్రయోగాల్లో సీ3 మొక్కల (సీ4 ఏర్పాటు లేని వరి, గోధుమ లాంటివాటి) ఆకులు ఎక్కువ కార్బన్ పట్టాయి. అయితే కాలం గడిచేకొద్దీ చాలా మొక్కలు రూబిస్కోను తగ్గించుకున్నాయి. చక్కెరను వాడుకునే చోటు లేకపోయినా, నైట్రోజన్ చాలకపోయినా లాభం ఇంకా కుంచించుకుపోతుంది. గోధుమ, వరి గింజల్లో ప్రొటీన్, జింకు, ఇనుము తగ్గడం కూడా గమనించారు. వేడి, కరువు కూడా తోడయ్యే ప్రపంచంలో ఈ లాభాన్ని నమ్ముకుని ధీమాగా ఉండటం సరికాదని నా అభిప్రాయం.

రూబిస్కోను మార్చే ప్రయత్నాలు ఎంతవరకు వచ్చాయి?

2014లో పొగాకులో దాని సొంత రూబిస్కో తీసేసి నీలి ఆకుపచ్చ శైవలపు వేగవంతమైన రూబిస్కో పెట్టారు. మొక్క బతికింది, కానీ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలి కావాల్సి వచ్చింది. 2017లో మొక్కల రూబిస్కోను బ్యాక్టీరియాలో తయారుచేయగలిగారు. దానికోసం మొక్కలో ఆ ఎంజైమ్‌ను మడతపెట్టి జతచేసే సహాయక ప్రొటీన్లను కూడా బ్యాక్టీరియాలోకి పంపాల్సి వచ్చింది. దీంతో మార్పులు చేసి త్వరగా పరీక్షించే వీలు కలిగింది. 2019లో ఇంకో బృందం రూబిస్కో జోలికి పోకుండా, పొరపాటు తర్వాత జరిగే సుదీర్ఘమైన శుద్ధికి హరితరేణువులోనే దగ్గరి దారి వేసింది. ఆ పొగాకు మొక్కలు పొలంలో 40 శాతం దాకా ఎక్కువ పెరిగాయి. ఆహార పంటల్లోనూ అంతే ఫలితం వస్తుందని ముందే అనుకోకూడదు. నాకు ఎక్కువ ఆశ ఉన్నది మాత్రం ఈ దారి మీదే.

భూమి మీద మొత్తం రూబిస్కో ఎంత ఉంటుంది?

2019లో యినోన్ బార్-ఆన్, రాన్ మిలో వేసిన అంచనా ప్రకారం సుమారు 70 కోట్ల టన్నులు. అందులో 90 శాతానికి పైగా నేల మీది మొక్కల ఆకుల్లోనే ఉంది. ఆ లెక్కలోనే ఇంకో సంఖ్య ఉంది. రాత్రులు, నీడలు, శీతాకాలాలు, మూసుకున్న పత్రరంధ్రాలు అన్నీ కలిపి సగటు తీస్తే నేల మీది ఒక్కో రూబిస్కో స్థానం సెకనుకు 0.03 చర్యలే చేస్తోంది, అంటే దాదాపు అర నిమిషానికి ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు. ప్రయోగశాలలో అది చూపే వేగంలో ఇది నూరో వంతు. సముద్రంలో సగటు సెకనుకు 0.6, అంటే నేల మీదకంటే 20 రెట్లు. గట్టి ఎండ పడే మధ్యాహ్నం ఆకును ఆపేది రూబిస్కో. రోజులో మిగతా చాలా భాగం మాత్రం రూబిస్కోయే వెలుతురు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.